సుబ్బులమ్మ జాన

“జానంటే ఎవరి జాన?” అని నాగులు అడిగేదాకా ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

మేం ఐదుగురం రాళ్ళవాగుపల్లె పక్కనున్న పాత పలకల గని అంచున నిలబడి ఉన్నాం. గని అనడం అలవాటే గాని, అక్కడ పలక తీయడం ఆపేసి పన్నెండేళ్ళయింది. ఇప్పుడది ఎకరమంత గుంత. ఆ ఏడు మార్కాపురం చుట్టూ మంచి వానలు పడి సగానికి పైగా నిండింది. నల్లని నీలం రాతిగోడల మధ్య నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఒక లకుముకి పిట్ట అద్దంలోకి దూకి చేపపిల్లతో బయటికి వచ్చింది.

“ఎవరిదైతే ఏంది? జాన జానే గదా!” అన్నారు ఉమామహేశ్వర్లుగారు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ ఆయనది. ఈ గుంతా, దాని చుట్టూ ఉన్న నేలా కూడా ఆయనవే.

“అట్లంటే ఎట్ల సెట్టిగారూ? నా చెయ్యి చూడండి.” నాగులు తన చెయ్యి చాచాడు. ఊళ్ళో వార్డు మెంబరు, ట్రాలీ ఆటో నడుపుతాడు, చేతులు పారల్లా ఉంటాయి. “నా జానతో కొలిస్తే సగం గుంత పోతాది.”

“అందుకే నీది వద్దు. సుబ్బులక్క జాన పెట్టండి. నీళ్ళు తాగేది ఆమె, కొలత కూడా ఆమెదే ఉండనీ.”

ఆయన ఆ మాట మర్యాదగానే అన్నారు. సుబ్బులమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి కట్టుకొని, మోకాళ్ళు పట్టుకుంటూ రాతి మెట్టు దిగింది. అక్కడ నీళ్ళలోకి నిలువుగా ఒక పొడుగాటి పలక పాతి ఉంచాం. ఆమె నీటి అంచు దగ్గర చిటికెనవేలు ఆనించి, కిందికి బొటనవేలు చాచింది. నీటి అంచున చిన్న గుర్తు పెట్టి, ఆ బొటనవేలి కింద నేను మేకుతో గీత గీశాను. ఉమామహేశ్వర్లుగారి కూతురు సింధూజ ఫోన్‌లో ఫొటో తీసింది.

ముప్పై రోజుల్లో నీళ్ళు ఆ గీత కిందికి దిగకపోతే గుంత ఊరికీ ఫ్యాక్టరీకీ పొత్తు. దిగితే ఆ రోజే టిప్పర్లు వచ్చి పలకల తుక్కుతో గుంతను పూడ్చేస్తాయి. మధ్యలో వాన పడితే, వానకు పెరిగిన నీళ్ళు లెక్కలోంచి తీసెయ్యాలి. అదీ ఒప్పందం.

నేను ఈ వ్యవహారంలోకి రావడానికి కారణం ఒక చిన్న సీసా. మార్కాపురం కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మా ఇందిర పోయి నాలుగేళ్ళు. ఆమె ఉన్నప్పుడు పాలు పోయడానికి వచ్చే సుబ్బులమ్మ, ఇప్పుడు పాలతోపాటు రోజు విడిచి రోజు ఒక జొన్నరొట్టె, కాస్త ఊరుబిండి పచ్చడి మూతగిన్నెలో పెట్టి పోతుంది. అడిగితే “మిగిలింది సారూ” అంటుంది. నాలుగేళ్ళుగా ఆమె ఇంట్లో సరిగ్గా ఒక్క రొట్టే మిగులుతోంది.

కార్తీకం మొదట్లో ఒకరోజు ఆ గిన్నె పక్కన నీళ్ళ సీసా ఒకటి పెట్టింది.

“గుంత నీళ్ళు సారూ. మేకలు తాగుతా ఉండాయి, బాగానే ఉండాయి. మీ కాలేజీలో చూపిస్తారా?”

మా పడమటి వైపు బోరు నీళ్ళ సంగతి కొత్తగా చెప్పేదేముంది! ఆ ఊరి బోరులో ఫ్లోరైడు ఉండాల్సినదానికి మూడింతలుంది. సుబ్బులమ్మ పళ్ళ మీద గోధుమరంగు చారలు, వంగని మోకాళ్ళు ఆ బోరు ఇచ్చినవే. నేను ల్యాబుకి వెళ్ళి పాత శిష్యుడిని బతిమాలి పరీక్ష చేశాను. నమ్మకం కుదరక రెండోసారి, మూడోసారి చేశాను. మూడుసార్లూ అంకె ఒకటి లోపే! వాన నీళ్ళు కదా, నేల లోపలి రాయిలోంచి వచ్చినవి కావు. ప్రభుత్వ ల్యాబుకి పంపితే వాళ్ళూ అదే రాశారు, ఇసుక ఫిల్టరులో వడకట్టి బ్లీచింగు కలిపితే తాగవచ్చని. ఆ కాగితం పట్టుకొని నేను కాలేజీ గేటు నుంచి బస్టాండు దాకా దాదాపు పరిగెత్తాను. అరవై నాలుగేళ్ళ మనిషి పరిగెత్తుతుంటే సోడాబండి అతను “బస్సు ఇంకా రాలేదులే సారూ” అన్నాడు.

కాగితం చూసి సుబ్బులమ్మ అడిగింది ఒకటే: “అయితే సుజాత వస్తాదా?”

సుజాత ఆమె కోడలు. కాన్పుకి కంభం పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టి మూడో నెల. సుజాత కంభం చెరువు పక్కన తియ్యటి నీళ్ళు చూసి మనసు గట్టి చేసుకుంది. “అత్తా, నిన్ను కాదనను. పాలు మరిచినాక నా బిడ్డకు ఆ బోరు నీళ్ళు తాగిపించలేను. నీ పళ్ళు, నీ మోకాళ్ళు చూసినాక నా చేత కాదు. మంచినీళ్ళు ఎప్పుడొస్తే అప్పుడొస్తా” అని ఫోనులో చెప్పేసింది. కొడుకు నరేష్ వారానికోసారి వెళ్ళి చూసివస్తున్నాడు. సుబ్బులమ్మ మనవరాలిని ఫోనులో చూడడమే గాని ఎత్తుకున్నది ఒక్కసారే. కోడలి మీద ఆమెకు కోపం లేదు. “నేనైనా అదే అంటా సారూ” అంది.

*

కాగితం చూపించడానికి ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు సుబ్బులమ్మ కూడా వచ్చింది. ఆ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి, మోకాళ్ళు సాగక మూడేళ్ళ కింద మానేసింది. ఆఫీసు గదిలో ఉమామహేశ్వర్లుగారు, సింధూజ ఉన్నారు. సింధూజ నా దగ్గరే డిగ్రీ చదివింది. ఇప్పుడు బయటి దేశాలకి నేలబండలు పంపే పనంతా తనే చూస్తుంది.

“కరెక్టు టైముకి వచ్చారు సారూ!” అంది. “ఇప్పుడు కొనేవాళ్ళు బండ రంగు ఒక్కటే అడగట్లేదు. తుక్కు ఎక్కడ పోస్తున్నారు, పనివాళ్ళు ఏ నీళ్ళు తాగుతున్నారు అని పెద్ద ఫారం పంపుతున్నారు. అందుకే రాళ్ళవాగుపల్లెకి ఇంకో వాటర్ ప్లాంటు ఇద్దామని నాయనతో అంటున్నా.”

“మళ్ళా డబ్బానా?” అంది సుబ్బులమ్మ.

సింధూజ ఆమె వైపు తిరిగింది.

“కోపం పెట్టుకోవద్దు పాపా. ఐదేళ్ళ కింద మీ తాత పేరుతో పెట్టిచ్చినారు. రిబ్బను కత్తిరించినారు, ఫొటో దిగినారు. ఆరు నెలలు నీళ్ళొచ్చినాయి. లోపలేదో పోయింది. ఎవర్ని అడగాల? దానమిచ్చినోళ్ళను ఏమని అడుగుతాం? ఇప్పుడు దాంట్లో మేకలు పండుకుంటా ఉండాయి. వాటికి మటుకు సల్లగా ఉంది.”

ముందు సింధూజ నవ్వింది. తరువాత ఆమె తండ్రి కూడా నవ్వేశారు. “మరేం కావాలక్కా?”

“పొత్తు కావాల.”

మా వైపు మేకను పొత్తుకిస్తారు. మేక ఒకరిది, మేపేది ఇంకొకరు, ఈనితే పిల్లలు చెరిసగం. మేకకు జ్వరమొస్తే రెండిళ్ళలోనూ నిద్ర ఉండదు. ఊరికే ఇచ్చేసిన మేక సంగతి మాత్రం ఇచ్చినవాడు మళ్ళీ అడగడు.

“గుంత మీది,” అంది సుబ్బులమ్మ వేళ్ళు మడుస్తూ. “పంపు, ఇసుక ఫిల్టరు మీరు పెట్టండి. కాపలా, కడగడం, నడపడం మావి. చెడిపోతే ఇద్దరం కలిసి చూస్తాం. పనిమనుషులు పది దాటినాక వస్తారని అరుస్తారే సెట్టిగారూ, ఎందుకట్ల? మూడు మైళ్ళవతల క్యాన్ల కాడ లైన్లో నిలబడి! ఊళ్ళో మంచినీళ్ళుంటే ఎనిమిదికి మీ గేటు కాడ ఉండరా?”

ఉమామహేశ్వర్లుగారు కుర్చీలో ముందుకి జరిగారు. “లాభం ఉందని ముందే చెప్పకుండా మేకల కథ చెప్తావేందక్కా!”

కాని ఆయన వ్యాపారి. ఫ్యాక్టరీ ముందు, రోడ్డు పక్కన కొండలా పేరుకున్న తుక్కును కొత్త సంవత్సరంలోగా తీసెయ్యాలని ఆఫీసర్లు నోటీసిచ్చారు. దగ్గర్లో ఉన్న గుంత ఇదొక్కటే. ఇంకొకటి గిద్దలూరు రోడ్డులో ఎక్కడో ఉంది. “బతికే మేకో కాదో చూడకుండా పొత్తు కుదుర్చుకోరు గదా. రాతి గుంత, ఎక్కడ పగులుందో ఏమో. ఒక నెల చూద్దాం. నీళ్ళు జాన కంటే ఎక్కువ దిగకపోతే నేను రెడీ. దిగితే నన్ను తిట్టుకోవద్దు.”

అలా వచ్చాం మేం జాన దగ్గరికి.

*

ఎండకు ఆవిరయ్యే నీళ్ళెన్నో తెలియాలి కదా అని ఇందిర కాపురానికి తెచ్చుకున్న ఇత్తడి గంగాళం అటక మీంచి దించాను. గుంత ఒడ్డున మెడదాకా మట్టిలో పాతి, నీళ్ళు నింపి, లోపల కొలత గుర్తు పెట్టాను. గుంతలో తగ్గేదీ, గంగాళంలో తగ్గేదీ ఒకటే అయితే భయం లేదు.

రోజూ పొద్దున్నే సైకిలు మీద వెళ్ళేవాణ్ణి. ఎన్నాళ్ళకో నాకు పొద్దున్నే వెళ్ళాల్సిన చోటు ఒకటి దొరికింది. మొదటి నాలుగు రోజులు ఉత్సాహంలో ఏమీ కనిపించలేదు. ఏడో రోజున గంగాళం కంటే గుంత ముందు నడుస్తోందని అనుమానం వచ్చింది. పదో రోజున అనుమానం తీరిపోయింది. గంగాళంలో రెండు వేళ్ళు తగ్గాయి. గుంతలో ఐదు వేళ్ళు.

నీళ్ళు ఎక్కడికో పోతున్నాయి.

మేకు గీత ఇంకా ఎంత కింద ఉందో చూద్దామని నీళ్ళలో చెయ్యి పెట్టి కొలిచాను. మళ్ళీ కొలిచాను. జానంటే పన్నెండు వేళ్ళు. నా చేత్తో ఎప్పుడు కొలిచినా అంతే. కాని నీళ్ళ మొదటి గుర్తు నుంచి గీతకు పదే వేళ్ళున్నాయి.

సుబ్బులమ్మ చెయ్యి పూర్తిగా తెరుచుకోదు! ముప్పై ఏళ్ళు రోజుకి వెయ్యి పలకలు ఎడమచేత్తో పట్టుకొని, కుడిచేత్తో తట్టి చూసిన చేతులవి. వేళ్ళు సగం ముడుచుకునే ఉంటాయి. నాలుగేళ్ళుగా నా గిన్నె అందుకుంటున్న చేతుల్ని నేను సరిగ్గా చూడనే లేదు.

ఆ సాయంత్రం గుంత దగ్గర పెద్ద గొడవే అయింది.

“గీత మార్పిద్దాం సారూ. సెట్టిగారిని అడుగుదాం,” అన్నాడు నాగులు. “లేదంటే నేనొక పని చేస్తా. చీకటి పడినాక రెండు ట్యాంకర్లు తెచ్చి పోస్తా. ఎవరు చూసినారు?”

“పగిలిన పలకకు కొత్త ఫ్రేము వేస్తే మోగుతాదా నాగులూ?” అంది సుబ్బులమ్మ. “నెల గడుస్తాది, ఒప్పందం అయితాది, ఎండాకాలానికి గుంత ఎండుతాది. నా మనవరాలిని తీసుకొచ్చి, ఎండిన గుంత చూపియ్యాల్నా?”

“అయితే ఏం చేద్దామత్తా? చేతులు కట్టుకొని కూర్చుందామా?”

“నా చెయ్యి నాకే ఎసరు పెట్టింది,” అని తన వేళ్ళ వంక చూసి నవ్వింది. “సారూ, సింధూజ పాపకు ఉన్నదున్నట్టు చెప్పండి. పొత్తులో దాపరికం ఉండకూడదు.”

ఫోన్ చేశాను. సింధూజ అంతా వింది. తరువాత, “థాంక్స్ సారూ. చెప్పకపోతే నేను రేపు నాయన ముందు తలెత్తుకోలేకపోయేదాన్ని” అంది. మర్నాడు తండ్రిని వెంటబెట్టుకొని వచ్చింది. ఒక ఇంజినీరు కూడా వచ్చి చూసి, డ్రిల్లింగు చేసి సిమెంటు ఎక్కించాలి, ఎక్కడ ఎక్కించాలో తెలియడానికే రెండు నెలలు పడుతుందని చెప్పి వెళ్ళిపోయాడు.

గీత సంగతి నాగులు ఎత్తాడు. ఉమామహేశ్వర్లుగారు సుబ్బులమ్మ చేతిని చూశారు. ఆయన ముఖం ఒక్క క్షణం మెత్తబడింది. కాని తల అడ్డంగా ఊపారు. “బాధగానే ఉందక్కా. అయినా గీసిన గీత ఒకసారి జరిపితే, రేపు పంపు దగ్గర కూడా జరుపుతాం. అదే అలవాటవుతుంది.”

“నాయనా!” అంది సింధూజ.

“సెట్టిగారు చెప్పింది న్యాయమే. గీత అట్లనే ఉండనీ,” అంది సుబ్బులమ్మ. అప్పటికే ఆమె ధ్యాస ఆ మాట మీద లేదు. ఎదురుగా రాతిగోడ వంక చూస్తోంది. “పాపా, నా సుత్తి ఇంకా ఫ్యాక్టరీలో ఉందా? సార్టింగులో, కిటికీ కాడ మేకుకు తగిలిచ్చి వచ్చినా.”

*

ఫ్యాక్టరీలో తయారైన ప్రతి పలకనూ తట్టి చూసి గాని పెట్టెలోకి ఎక్కించరు. బాగున్న పలక గంటలా మోగుతుంది. కంటికి కనిపించని పగులుంటే గొంతు పట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. ఆ తేడా చెవికి తెలియాలంటే ఏళ్ళు పట్టాలి. సుబ్బులమ్మ చెవి దాటి పగిలిన పలక ఒక్కటీ పోలేదని ఫ్యాక్టరీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

“గుంత కూడా పలకే గదా సారూ,” అంది. “కాకుంటే పెద్దది.”

నేను ముప్పై ఒక్క ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఇంత సూటి మాట నాకు తట్టలేదు.

నాగులు ఆటో వేసుకొని కంభం చెరువు దగ్గర జాలరి స్నేహితుడి పుట్టి, అదే గుండ్రటి బుట్ట పడవ, అడిగి తెచ్చాడు. పన్నెండో రోజు పొద్దున్నే దాన్ని గుంతలోకి దించాం. నాగులు తెడ్డు పట్టాడు, సుబ్బులమ్మ తన సుత్తితో మధ్యలో కూర్చుంది, నేను సుద్దముక్కతో వెనక. నాకు ఈత రాదు. ఆ సంగతి గట్టుకి ఇరవై అడుగుల దూరం వెళ్ళాక గుర్తొచ్చింది.

“కదలొద్దు సారూ, మీరు కదిలితే పుట్టి సుట్టూ తిరుగుతాది,” అన్నాడు నాగులు.

“పుట్టి ఎట్లైనా తిరుగుతాది. నీకు నడపడం రాదని సారుకు చెప్పు,” అంది సుబ్బులమ్మ.

ఆమె గోడను తట్టడం మొదలుపెట్టింది. ఖంగ్. రెండడుగులు. ఖంగ్. మళ్ళీ రెండడుగులు. ఆ మోత నీళ్ళ మీదుగా అవతలి గోడకి తగిలి తిరిగి వచ్చేది. గట్టు మీద ఊరి ఆడవాళ్ళంతా చేరారు. గుసగుస వినిపిస్తే సుబ్బులమ్మ చెయ్యెత్తేది, అందరూ గప్‌చుప్ అయ్యేవాళ్ళు. తూర్పు గోడ అంతా మోగింది. ఉత్తరం గోడ మోగింది. పడమటి గోడ సగం దాకా మోగింది. ఎండ నెత్తికెక్కింది.

అక్కడ సుత్తి ‘డబ్’ అంది.

నాకు కూడా వినిపించింది. నాగులు తెడ్డు ఆపేశాడు. ఆమె పక్కకి తట్టింది, డబ్. పైకి తట్టింది, ఖంగ్. కిందికి, నీటి అంచున, డబ్. ఆమె చెప్పిన చోటల్లా నేను సుద్దతో గుర్తు పెట్టాను. గుర్తులన్నీ కలిసి ఏటవాలుగా ఒక గీతై నీళ్ళలోకి దిగాయి. పలక పొరల వాలు అదే.

“ఇదే సారూ. పగిలిన పలక ఇదే,” అని సుత్తి ఒళ్ళో పెట్టుకుంది.

నిజంగా అదేనా? దానికి నా దగ్గర ఒక ఉపాయం ఉంది. గట్టు మీదికి కేకేసి పసుపు అడిగాను. పది నిమిషాల్లో పది ఇళ్ళ పసుపు డబ్బాలొచ్చాయి. పసుపు నీళ్ళలో కలిపి, పొడుగాటి ప్లాస్టిక్ పైపులోంచి గోడ పక్కన నీళ్ళ అడుక్కి వదిలాను. తేట నీళ్ళు కదా, మనిషి నిలువు లోతు దాకా కనిపిస్తోంది. పసుపు మబ్బులా విచ్చుకొని కదలకుండా నిలిచింది. ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. మెల్లగా ఆ మబ్బు ఒక పక్కకి సాగింది. దారంలా సన్నబడింది. ఆ దారం గోడ వైపు పాకి, రాతిలోకి దూరి మాయమైపోయింది.

“తాగుతా ఉంది!” అని అరిచాడు నాగులు. “గోడ పసుపు తాగుతా ఉంది!”

గట్టు మీద కేకలు, చప్పట్లు. సింధూజ గెంతుతోంది. నేను కూడా లేచి నిలబడబోయాను. సుబ్బులమ్మ నా చొక్కా పట్టుకొని కూర్చోబెట్టింది. “మునిగితే పొత్తులో మేము మిమ్మల్ని ఎవరి వాటాలో వెయ్యాల?”

*

పగులు దొరికింది సరే, దేంతో మూయాలి? నల్లరేగడి మెత్తి చూద్దామన్నారు ఊరివాళ్ళు. ఉత్త రేగడి నీళ్ళలో జారిపోతుందని నా భయం. అప్పుడు ఉమామహేశ్వర్లుగారు, ఎవరికీ చెప్పనట్టు గొణిగారు: “మా మురుగుకాలవ ఆరు నెలలకోసారి పూడిపోతుంది. గడ్డపారకి కూడా లొంగదు.”

సింధూజ, నేను ఒకేసారి ఆయన వైపు తిరిగాం. బండ కోసే మిషన్ల దగ్గర పలక పొడి నీళ్ళతో కలిసి మెత్తటి బురదై పేరుకుంటుంది. దాన్ని ఎక్కడ పారబోయాలో తెలియకనే గదా ఈ గుంత మీద ఆయనకు కన్ను!

సాయంత్రానికల్లా టిప్పరొచ్చింది. మేం ముప్పయ్యో రోజున రాకూడదని మొక్కుకుంటున్న టిప్పరే. రేగడి, పలక పొడి కలిపి తొక్కారు. గుంతలో వేసే ముందు గుప్పెడు పొడిని గాజు సీసాలో గుంత నీళ్ళతో నానబెట్టి ల్యాబులో మళ్ళీ పరీక్ష చేయించాను. నీళ్ళలో తేడా రాలేదని తెలిశాకే, పదమూడో రోజున పని మొదలైంది.

ఊరంతా వరసగా కూర్చొని ఆ మట్టిని పెసరపిండి ముద్దల్లా చేసింది. నరేష్, నాగులు పుట్టిలోంచి ఒక్కో ముద్దనూ పగులు పక్కన వదిలారు. ముద్ద జారుతూ పోయి గోడ దగ్గరికి చేరగానే, పగులు దాన్ని తానే లోపలికి లాక్కునేది. మూడొందల ముద్దల దాకా మింగింది. ఆ తరువాత మింగడం మానేసింది. పైన బస్తాల్లో అదే మట్టి నింపి వెదుళ్ళతో అదిమారు.

సాయంత్రానికి చూస్తే ఉమామహేశ్వర్లుగారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి వరసలో కూర్చొని ముద్దలు చేస్తున్నారు.

“పలక పొడి ఎవరూ కొనరంటిరే సెట్టిగారూ, ఇదిగో మేం కొంటా ఉండాం,” అంది సుబ్బులమ్మ.

“రేటు ఎంతిస్తావక్కా?”

“పొత్తులో రేటేంది!”

మళ్ళీ పసుపు వదిలాను. మబ్బు విచ్చుకుంది. నిలబడింది. చీకటి పడేదాకా అక్కడే నిలబడి ఉంది.

కాని అప్పటికి ఆరున్నర వేళ్ళు దిగిపోయాయి. పదిలో మిగిలినవి మూడున్నర. మిగిలిన రోజులు పదిహేడు. గంగాళం లెక్కన ఎండ ఒక్కటే రోజుకి వేలులో ఐదోవంతు తీసుకుంటుంది. ఎన్నిసార్లు గుణించినా, వెంట్రుకవాసిలో గీత దగ్గరే ఆగుతోంది. ఇటో, అటో తెలియడం లేదు. ఆ వారమంతా నేను ఆకాశం వంక చూసినట్టు ఏ రైతూ చూసి ఉండడు.

ఇరవై రెండో రోజున సముద్రంలో ఎక్కడో అల్పపీడనం పట్టింది. మాకు వాన రాలేదు. మబ్బు వచ్చింది. నాలుగు రోజులు నల్లమల మీంచి బూడిదరంగు మబ్బు దుప్పటిలా పరుచుకొని కదల్లేదు. ఎండ లేదు, గాలి లేదు. ఒక్క చినుకు పడలేదు, లెక్కలోంచి తీసెయ్యాల్సిన పనీ పడలేదు. ఇంతకంటే పొదుపుగా ఎవరైనా దయ చూపించగలరా? ఆ నాలుగు రోజులూ గంగాళంలో నీళ్ళు దాదాపు తగ్గలేదు.

*

ముప్పయ్యో రోజు పొద్దున ఎనిమిదింటికి మేం వెళ్ళేసరికి రోడ్డు మీద మూడు టిప్పర్లు తుక్కు నింపుకొని నిలబడి ఉన్నాయి. ఉమామహేశ్వర్లుగారు మాట మీద నిలబడే మనిషి, రెండు వైపులా. సుబ్బులమ్మ వాటిని చూసి కూడా చూడనట్టు నడిచింది. ఆమె చేతిలో ఫోన్ ఉంది. స్క్రీన్ మీద సుజాత పేరు. కాల్ కలిపే ఉంచింది, మాట్లాడటం లేదు.

ఉమామహేశ్వర్లుగారు రాతి మెట్టు దిగారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. వంగి చూశారు. ఇంకా వంగారు. ఇంకొంచెం వంగితే నీళ్ళలో పడతారని సింధూజ ఆయన చొక్కా పట్టుకుంది.

“సారూ, మీరు కూడా చూడండి. తరువాత నన్ను అనొద్దు.”

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. నీటి అంచు గీత దాకా దిగలేదు. నీటి అంచుకీ మేకు గీతకీ మధ్య నా చిటికెనవేలు పట్టేటంత, అంతే, నల్లటి పలక నీళ్ళలో మెరుస్తోంది.

“నీళ్ళు పైనే ఉండాయి,” అన్నాను. నా నోట కూడా ఆ ఊరి మాటే వచ్చింది.

నాగులు వేసిన ఈలకి లకుముకి పిట్ట లేచిపోయింది.

ఉమామహేశ్వర్లుగారు తన చేతిని పలక మీద చాచి చూసుకున్నారు. “నా జాన పెట్టి ఉంటే నాకీ ఆదుర్దా ఉండేది కాదు గదక్కా.”

“మీ జాన పెట్టి ఉంటే ఆఫీసులో కూర్చొని ఫోన్ చేసేవాళ్ళు. ఇట్ల వంగి చూసేవాళ్ళా?”

ఆయన పకపకా నవ్వారు. పైకి చూసి డ్రైవర్లకు కేకేశారు: “గిద్దలూరు రోడ్డుకు తిప్పండి! డీజిలు నా వాటా!” తరువాత కూతురితో, “పంపు సోమవారం రావాల. మంగళవారం అంటే ఊరుకోను,” అన్నారు. టిప్పర్లు ఒక్కొక్కటే వెనక్కి తిరుగుతుంటే, ఆ చప్పుడు నాకు మేళం లాగా వినిపించింది.

ఫోన్లోంచి సన్నగా గొంతు వస్తోంది. “అత్తా? అత్తా, ఏమైంది? నిలిచినాయా?”

సుబ్బులమ్మ ఇంకా ఒడ్డునే ఉన్న పుట్టి ఎక్కింది; నేనూ నాగులూ కూడా ఎక్కి పడమటి గోడ దగ్గరికి వెళ్ళాం. ఫోన్‌ను అక్కడ, మేం మూసిన పగులు పైన, రాతికి ఆనించి పట్టుకుంది. రెండో చేత్తో సుత్తి ఎత్తి తట్టింది.

మునుపు డబ్ అన్న చోటది. ఇప్పుడు గంటలా మోగలేదు గాని, మొద్దుగా కూడా లేదు. నిండు కుండలా, గట్టిగా, లోపలి దాకా పలికింది.

సుజాత రెండేళ్ళు సార్టింగులో అత్త పక్కన కూర్చొని పలకలు తట్టిన పిల్ల. అవతల ఎక్కడో పసిబిడ్డ కేరుమంది. ఆ కేక మీదుగా సుజాత అంది: “సోమవారం పంపు పెట్టి, వడకట్టిన నీళ్ళు సారు పాస్ చేసినాక, ఆటో పంపించు. నాగులన్నను మెల్లగా నడపమను.”

“విన్నారా!” అన్నాడు నాగులు. “నా మీద ఎంత నమ్మకమో!”

నేను గట్టెక్కి గంగాళం చుట్టూ మట్టి తవ్వడం మొదలుపెట్టాను, పనైపోయింది గదా, ఇంటికి తీసుకుపోదామని. సుబ్బులమ్మ వెనకాలే వచ్చి, అందులోని నీళ్ళు వంచి, వేళ్ళతో ఇత్తడి మీద మట్టి తుడిచింది. ముడుచుకున్న ఆ వేళ్ళు గంగాళం అంచు మీద సరిగ్గా అమిరాయి.

“ఇది మళ్ళా అటకెక్కిస్తారా సారూ?”

“ఇంకెందుకు సుబ్బులమ్మా?”

“బిడ్డకు నీళ్ళు పోయాల గదా,” అంది. “ఇందిరమ్మ ఉంటే తనే ఇచ్చేది.”

నేను గంగాళానికి ఒక చెవి పట్టుకున్నాను. రెండో చెవి ఆమె పట్టుకుంది. ఊరు వైపు నడిచాం.